నక్కవాగును జెఱచిన దెవరు?

తెలుఁగున ‘చెడు’ ధాతువు అకర్మకము, ‘చెఱచు’ సకర్మకము. ‘నీరు చెడెను’ అనినచో వాక్యము ముగియును. ‘నీటిని జెఱచెను’ అనినచో, ఎవరను ప్రశ్న పుట్టును. విషము కంటికిఁ గానరాదు గావున దాని కర్తకు రూపము గల్పించుట కథలు చేయుపని. భాగవతమున యమునమడుగు విషమునకుఁ గాళియుఁడు కర్త. జపానుదేశపు చలనచిత్రమొకదాన హెడోరా యను భూతము కర్త. సంగారెడ్డిసీమలోని నక్కవాగునకుఁ గర్త యెవరను విచారము న్యాయస్థానములలో జరిగినది.

‘గోజిరా తై హెడోరా’ యను నా చిత్రమును తోహో సంస్థ 1971 జులై 24వ తేదీని విడుదల చేసినది. దర్శకుఁడు యోషిమిత్సు బన్నో. ‘హెడోరో’ యనఁగా నీటియడుగునఁ బేరుకొను మడ్డి. దాని తుదియచ్చు మాఱి, గోజిరా, మోసురా మున్నగు పేర్లవలె ‘రా’ యంతమందుఁ గలిగి, జాతివాచకము సంజ్ఞ యైనది. అప్పటి జపానువారికి మడ్డి యెఱుఁగని వస్తువు గాదు. ఫూజీనగరపు తాగొనోఉరా రేవు కాగితపుమిల్లుల మడ్డితో నిండియుండెను. యొక్కాయిచీలో యంత్రశాలల పొగవలన ఉబ్బసము ప్రబలెను. మినమాతలో 1956న బయటపడిన వ్యాధికిఁ జేఁపలద్వారా మనుష్యులకెక్కిన పాదరసము కారణమని తేలెను. 1970లో నాదేశపు శాసనసభ కాలుష్యవిషయమై 14 శాసనములఁ జేసెను. 1971 జులై 1న పర్యావరణశాఖ యేర్పడెను. చిత్రము వెలువడినదియు నా నెలయందే.

కథలో హెడోరా బీజము ఆకాశమునుండి వచ్చినది. దాని యాహారము మాత్రము మానవులు పాఱవేసిన మడ్డియుఁ బొగయు. తోఁకకప్పవంటి రూపముతో సముద్రమునఁ బెరిగి, నేల కెక్కి, పొగగొట్టముల పొగ పీల్చి, ఆకాశమున నెగిరి, ఆమ్లపుఁ బొగమంచుతో జనులఁ జంపును. తుదకు విద్యుత్ఫలకములనడుమ గోజిరా దానిని నెండఁజేయును. ఐనను మఱియొకటి కలదేమో యను ప్రశ్నతోనే చిత్రము ముగియును.

పటాన్‌చెరువు పారిశ్రామికవాడ 1970 తరువాతి దశకమున నాఁటి మెదకుజిల్లాలో వెలసినది. 2016నుండి యా సీమ సంగారెడ్డిజిల్లాలోనిది. మందులు, రసాయనములు చేయు శాలల మురుగు నక్కవాగునఁ బడి, దానివెంట గోదావరికి ఉపనదియైన మంజీరను జేరెను. చెఱువులు, బావులు, పైరులు దెబ్బతినెను. 1990లో వ్యాజ్యము సర్వోన్నతన్యాయస్థానమున కెక్కెను. రైతులకుఁ బరిహార మీయవలయునని ఆజ్ఞయయ్యెను. 2001లో నది హైకోర్టునకు మాఱి, తుదకు 2017లో జాతీయ హరితన్యాయస్థానమున తీర్పు వచ్చెను. కర్తృనిర్ణయమునకు 27 ఏండ్లు పట్టినవి.

ఈలోపల 1994లో ఉమ్మడి శుద్ధికేంద్రము పనికి దిగెను. అందు శుద్ధియై వెలువడిన నీటిని స్వీడనుదేశపు లార్సను మొదలగువారు పరీక్షించి 2007లో ఫలితములఁ బ్రకటించిరి. సుమారు 90 మందులశాలల మురుగు అందుఁ జేరుచుండెను. సిప్రోఫ్లాక్సాసిను లీటరునకు 31 మిల్లీగ్రాములవఱకుఁ గానవచ్చెను. కొన్ని సూక్ష్మజీవులకు విషమగు మేరకంటె నది వేయిరెట్లకు మించినది. అట్టి నీటఁ బ్రదుకనేర్చిన సూక్ష్మజీవులకు మందు పనిచేయదు. రోగమును హరింపవలసిన యౌషధమే రోగమునకుఁ గవచమగుట హెడోరాకథయందును లేని వింత.

కాళియుఁడు చంపఁబడలేదు, రమణకద్వీపమునకుఁ బంపఁబడెను. పటాన్‌చెరువు మురుగును సైతము శుద్ధియైన పిదప గొట్టములగుండ ఆంబరుపేట కేంద్రమునకుఁ బంపిరి; అటనుండి నీరు మూసీఁ జేరును. చోటు మాఱుట నాశము గాదు.

చిత్రము ‘చెడెను’ అను మాటను ‘చెఱచెను’ అని దిద్దినది. అది దాని గొప్ప. కర్తృస్థానమున భూతము నిలిపినది. అది దాని కొఱఁత. భూతమును గోజిరా గెలువవచ్చును. నక్కవాగుకథలో భూతము లేదు. మందు చేయువారు, అమ్మువారు, ఆజ్ఞలిచ్చువారు గలరు. ఇట కర్త బహువచనము. బహువచనమైనంతమాత్రమునఁ గర్త లోపింపఁడు.