లీటరుకు ఎన్ని కిలోమీటర్లు? - మైలేజి లెక్క చరిత్ర

మంజీరా నదిపై 1923లో ఆరంభమై 1931లో ముగిసిన నిజాంసాగరు ప్రాజెక్టు వలన బాన్సువాడ ప్రాంతము వరికిని, చెరకుకును పేరు పొందినది. ఈ పట్టణమునకు రైలుమార్గము లేదు. పొలమునకు, అంగడికి, బోధను, కామారెడ్డి, నిజామాబాదు పట్టణములకు పోవలసినవారికి బస్సు కాక మోటారు సైకిలే ఆధారము. అందుచేత "బండి ఎంతిస్తది?" అను ప్రశ్న ఇచ్చట వట్టి కుతూహలము కాదు, ఇంటి ఖర్చుకు సంబంధించిన విషయము. దినమునకు 40 కిలోమీటర్లు తిరుగువాని బండి లీటరుకు 60 కిలోమీటర్లు నడచినచో నెలకు 20 లీటర్ల పెట్రోలు చాలును. 40 మాత్రమే నడచినచో 30 లీటర్లు కావలెను. మరి ఆ 60గాని, ఆ 40గాని ఎట్లు తెలిసినది? ఎంతవరకు నమ్మదగినది? మైలేజి చరిత్రలో ముఖ్యమైన ప్రశ్న ఇదియే.

మొదట 'మైలేజి' అను మాటనే చూడవచ్చును. బ్రిటిషు పాలనలో దూరమును మైళ్లలోను, పెట్రోలును గాలన్లలోను కొలిచెడివారు. గాలనుకు ఎన్ని మైళ్లు నడచునో అదియే మైలేజి. 1956లో తూనికలు కొలతల చట్టము వచ్చి, తరువాతి సంవత్సరములలో మెట్రిక్ పద్ధతి అంచెలంచెలుగా అమలైనది. మైలు పోయినది, గాలను పోయినది, మైలేజి అను మాట మాత్రము నిలిచినది. ఒక మైలు 1.609 కిలోమీటర్లు, ఒక బ్రిటిషు గాలను 4.546 లీటర్లు. కాబట్టి గాలనుకు 100 మైళ్లనగా లీటరుకు సుమారు 35.4 కిలోమీటర్లే. అమెరికా గాలను ఇంకను చిన్నది, 3.785 లీటర్లు. అందువలన ఒకే బండి మైలేజి అమెరికా లెక్కలో తక్కువగాను, బ్రిటిషు లెక్కలో ఎక్కువగాను కనిపించును. ప్రమాణము చెప్పని సంఖ్యకు అర్థము లేదని విద్యార్థులకు తెలుపుటకు ఇది మంచి ఉదాహరణ.

మన దేశములో మోటారు సైకిళ్ల తయారీ 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ సంస్థతో ఊపందుకొన్నది. 1961లో మైసూరునుండి జావా, 1962లో ఎస్కార్ట్స్ వారి రాజ్‌దూత్ వచ్చినవి. జావా, రాజ్‌దూత్ బండ్లు టూ-స్ట్రోక్ ఇంజనులు గలవి. ఈ ఇంజనులో కాలిన వాయువు బయటికి పోవు ద్వారమును, క్రొత్త మిశ్రమము లోనికి వచ్చు ద్వారమును కొంతసేపు ఒకేసారి తెరచియుండును. ఆ సందులో క్రొత్త పెట్రోలు కొంత, కాలకుండగనే పొగగొట్టముగుండా వెడలిపోవును. అట్టి బండి వెనుక వచ్చు పొగలో నూనె వాసనతోపాటు యజమాని డబ్బును ఉండెడిది!

ఆ కాలమున సాధారణముగా వాహనముపై సగటు మైలేజిని చూపు సాధనము లేదు. వాహనదారులే ఉపాయములు కనిపెట్టిరి. అందులో మొదటిది 'రిజర్వు' పద్ధతి. ట్యాంకు అడుగున నున్న పెట్రోలు కుళాయికి రెండు దారులు గలవు. ఒకదాని మూతి కొంత ఎత్తున, రెండవదాని మూతి అడుగున ఉండును. పెట్రోలు మట్టము పై మూతికన్న క్రిందికి దిగగానే ఇంజను తడబడును. అప్పుడు కుళాయిని రిజర్వుకు త్రిప్పెదరు. ఈ తడబాటు ప్రతిసారియు దాదాపు ఒకే మట్టమువద్ద జరుగును. కాబట్టి ఒక రిజర్వునుండి మరియొక రిజర్వు వరకు నడచిన దూరమును, నడుమ పోయించిన లీటర్లతో భాగించినచో మైలేజి తేలును. కొలత కొరకు కాక భద్రత కొరకు పెట్టిన గొట్టము ఇట్లు కొలపాత్ర అయినది.

రెండవది మెకానికుల సీసా పద్ధతి. ట్యాంకును విడదీసి, 100 మిల్లీలీటర్ల పెట్రోలుగల సీసాను కార్బురేటరుకు తగిలించి, బండి ఆగువరకు నడుపుదురు. చూచుటకు ఇది మిక్కిలి కచ్చితముగా తోచును. కాని కార్బురేటరు గిన్నెలో ముందే 15 మిల్లీలీటర్లు మిగిలియున్నవనుకొందము. బండి నిజముగా లీటరుకు 60 కిలోమీటర్లు నడచునదైనచో, సీసాలోని 100, గిన్నెలోని 15 కలసి 6.9 కిలోమీటర్లు నడిపించును. లెక్కలో 69 అని వచ్చును. మెకానికు మోసము చేయలేదు. గిన్నె లెక్కలోనికి రాలేదు, అంతే.

మూడవది ట్యాంకు నిండుగా పోయించి, మరల నిండుగా పోయించువరకు లెక్కించుట. ఇందును చిన్న దోషము తప్పదు. 'నిండుట' ప్రతిసారి ఒకే మట్టమున ఉండదు, 0.2 లీటరు తేడా రావచ్చును. రెండు లీటర్లకే లెక్క కట్టినచో ఆ తేడా నూటికి 10 వంతులు. అదే లెక్కను పలుమార్లు పోయించి 10 లీటర్లు ఖర్చగువరకు సాగించినచో, మొదటి నిండు, చివరి నిండు మాత్రమే లెక్కకు వచ్చును గాన దోషము నూటికి 2కు తగ్గును. ఒక చిన్న పుస్తకమున తేదీ, లీటర్లు, మీటరు అంకె వ్రాసికొనువాని బలము ఇందున్నది.

సగటు కట్టుటలో మరియొక చిక్కు కలదు. పోవునప్పుడు 30 కిలోమీటర్లు లీటరుకు 60 చొప్పున, ఎదురుగాలిలో తిరిగి వచ్చునప్పుడు 30 కిలోమీటర్లు లీటరుకు 40 చొప్పున నడచినదనుకొందము. సగటు 50 అని పెక్కుమంది చెప్పుదురు. కాని ఖర్చు 0.5 లీటరు, 0.75 లీటరు, మొత్తము 1.25 లీటర్లు, 60ని దానితో భాగించినచో 48 మాత్రమే. మొత్తము దూరమును మొత్తము పెట్రోలుతో భాగించుటయే సరియైన మార్గము. పెక్కు ఐరోపా దేశములవారు 100 కిలోమీటర్లకు ఎన్ని లీటర్లని చెప్పుదురు; సమాన దూరములకు వాని సగటు నేరుగా కట్టవచ్చును.

1973లో చమురు సంక్షోభము వచ్చి, కొద్ది నెలలలోనే ముడిచమురు ధర దాదాపు నాలుగింతలైనది. మైలేజి అప్పటినుండి ప్రపంచమంతట ముఖ్య విషయమైనది. 1985లో మన దేశమున హీరో హోండా సి.డి. 100 అను ఫోర్-స్ట్రోక్ బండి వెలువడినది. ఇందు ప్రవేశమునకు, నిర్గమనమునకు వేర్వేరు కవాటములు గలవు. కాలని పెట్రోలు వృథాయగుట చాలవరకు తగ్గినది. తరువాత పొగపై ఆంక్షలు కఠినమైన కొలది టూ-స్ట్రోక్ మోటారు సైకిళ్లు వెనుకబడినవి. 2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్. 6 ప్రమాణములు అమలైనపుడు క్రొత్త మోటారు సైకిళ్లలో కార్బురేటరుకు బదులు ఇంధనమును కొలిచి చిమ్ము ఇంజెక్టరు వచ్చినది. దానితో రిజర్వు కుళాయియు పోయినది. పెక్కు బండ్లలో సగటు మైలేజి తెరపైనే కనిపించుచున్నది. ఆ అంకె కూడ ఒక అంచనాయే. నిండు ట్యాంకు లెక్కతో దానిని అప్పుడప్పుడు సరిచూచుకొనవలెను.

ఇప్పుడు ఈ లెక్కకు క్రొత్త అవసరము వచ్చినది. చెరకు మడ్డినుండి, ధాన్యమునుండి తీసిన ఇథనాలును పెట్రోలులో కలుపుట మన దేశమునకు క్రొత్త కాదు. 1948లోనే ఇందుకై పవర్ ఆల్కహాలు చట్టము చేసిరి. ఇథనాలు మిశ్రమము 2025 నాటికి నూటికి 20 పాళ్లకు చేరినది. బాన్సువాడకు పొరుగుననున్న బోధను చక్కెర కర్మాగారము 2015లో మూతపడినను, చెరకునకును మోటారునకును గల సంబంధము ఇట్లు మరల బలపడినది. లీటరు ఇథనాలులో శక్తి లీటరు పెట్రోలులోని శక్తిలో సుమారు మూడింట రెండు వంతులే. కాబట్టి 20 పాళ్ల మిశ్రమములో శక్తి నూటికి 6 లేక 7 వంతులు తగ్గును. దానికి తగినట్లు రూపొందించిన ఇంజనులో ఈ నష్టము కొంత పూడును.

మైలేజి తగ్గినదని ఒకరు, తగ్గలేదని మరియొకరు వాదింతురు. నూటికి 10 వంతుల దోషముగల కొలతతో నూటికి 6 వంతుల నష్టమును పట్టుకొనుట సాధ్యము కాదు. పెట్రోలు మారకముందు కొన్ని నెలలు, మారిన తరువాత కొన్ని నెలలు, ఒకే దారిలో, ఒకే బరువుతో, చక్రములలో ఒకే గాలి ఒత్తిడితో నడిపి లెక్క వ్రాసినవాడు మాత్రమే ఆ వాదమును తీర్చగలడు. ఇందుకు పరికరములేవియు కొననక్కరలేదు. ఇంటిలో బండియున్న ఉన్నత పాఠశాల విద్యార్థి ఎవరైనను, తండ్రియో అన్నయో పెట్రోలు పోయించినప్పుడెల్ల రెండంకెలు వ్రాసిపెట్టినచో, సంవత్సరాంతమునకు ఆ పుస్తకమే ప్రయోగశాల యగును.