పెల్లెట్ స్మోకర్: మధ్యలో ఆగిపోతే, ఆపినా ఆగకపోతే

ఇక్కడ జర్మనీలో మనవాళ్ళు కూడా బొగ్గుల గ్రిల్లు పక్కనపెట్టి పెల్లెట్ స్మోకర్లు కొంటున్నారు. మసాలా పట్టించిన మేక తొడ లోపల పెట్టి, ఎంత వేడి కావాలో నొక్కేసి కూర్చోవచ్చు. చిక్కల్లా అది ఆగే దగ్గరే. తెలిసినవాళ్ళు నన్ను అడిగేవి రెండే: వండుతుండగా దానంతటదే ఆగిపోతోంది, ఆపేశాక కూడా ఫ్యాను తిరుగుతూనే ఉంది.

రెండోదే ముందు చెప్తాను, ప్రమాదం అందులో ఉంది కాబట్టి. ఫ్యాను తిరగడం లోపం కాదు. ఆఫ్ నొక్కగానే గుళికలను తోసే మరచుట్టు ఆగిపోతుంది; ఫ్యాను మాత్రం చాలా మోడళ్ళలో పది పదిహేను నిమిషాలు గాలి కొట్టి, నిప్పుగిన్నెలో మిగిలినవాటిని కాల్చేస్తుంది. చప్పుడవుతోందని ప్లగ్ లాగేస్తే నివురుగప్పిన నిప్పు మిగిలి, గొట్టంలోని గుళికలను అంటుకుంటూ హాపర్ వైపు పాకవచ్చు. హాపర్‌లోంచి పొగ వస్తే మూత తీయకండి, గాలి తగిలి మంట లేస్తుంది. పిల్లల్ని దూరంగా పంపండి. మంట కనిపిస్తే 112కి ఫోన్ చేయండి. వాన వచ్చిందని వేడి స్మోకర్‌ని గ్యారేజీలోకో కెల్లర్‌లోకో లాగకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

మధ్యలో ఆగిపోవడానికి ఎక్కువగా బూడిదే కారణం. మన ఊళ్ళలో పొట్టు పొయ్యి చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, కింద గాలి దారి మూసుకుంటే మంట ఉండదు. తర్వాతి అనుమానం గుళికల మీద. మంచి గుళిక టక్కున విరుగుతుంది. తేమ పీల్చినది ఉబ్బి పొట్టవుతుంది. హాపర్ నిండుగా కనిపిస్తున్నా లోపల గుంట పడి కిందికి జారకపోవచ్చు, ఒకసారి కలిపి చూడండి. లోపలి సన్నని సెన్సార్ కడ్డీకి జిడ్డు పట్టినా లెక్క తప్పుతుంది. వేడి బాగా పడిపోతే మంట ఆరిందనుకుని యంత్రం తనను తాను ఆపుకుంటుంది, అది రక్షణే. వెంటనే మళ్ళీ వెలిగించవద్దు. చల్లారాక గిన్నె ఖాళీ చేయండి, లేకపోతే పేరుకున్న గుళికలన్నీ ఒక్కసారి భగ్గుమంటాయి.

బౌమార్క్ట్‌లో 15 కిలోల హీటింగ్ పెల్లెట్ల సంచి చవక. అది వంటకి కాదు, ఎక్కువగా స్ప్రూస్, పైన్ చెక్క. బీచ్ లాంటి గట్టి చెక్కతో వంట కోసమే చేసినవి కొనండి.

ఆన్ చేసిన కాసేపటికే ఇంటి ఎఫ్‌ఐ స్విచ్ పడిపోతోందా? వెలిగించే రాడ్డులో తేమ చేరిందేమో. 200 వాట్ల రాడ్డు 230 వోల్టుల దగ్గర ఒక ఆంపియరు కూడా తీసుకోదు, కాబట్టి ఇది లోడు సమస్య కాదు. భూమిలోకి 30 మిల్లీ ఆంపియర్లు లీకైనా ఆ స్విచ్ పడుతుంది, మన ప్రాణం కోసమే. ఎఫ్‌ఐ లేని పాత సాకెట్‌కి మార్చి నడిపించడం మాత్రం ఒద్దేవొద్దు. రాడ్డు మార్పించండి.

రశీదు దాచుకోండి. కొత్త వస్తువుకి జర్మనీలో అమ్మిన దుకాణానిదే రెండేళ్ళ బాధ్యత. 2022 జనవరి నుంచి కొన్నవాటిలో మొదటి ఏడాది బయటపడిన లోపం అమ్మేనాటికే ఉన్నట్టు చట్టం భావిస్తుంది. కాదని చూపాల్సింది దుకాణమే.

బూడిద మర్నాటి దాకా మూతున్న ఇనుప డబ్బాలో ఉంచి, పూర్తిగా చల్లారాకే రెస్ట్‌మ్యూల్ డబ్బాలో వేయండి.