ఆకాశానికీ ఒక గడప

నేల మీద గజం స్థలానికి అన్నదమ్ములు కోర్టుకెక్కుతారు. ఆకాశానికి ఆ బాధ లేదు, అది అందరిదీ అనుకుంటాం. ఒకప్పుడు నిజంగానే అలా ఉండేది.

1929లో అమెరికాలోని సెయింట్ లూయిస్ విమానాశ్రయంలో ఆర్చీ లీగ్ అనే ఆయన ఉండేవాడు. తోపుడుబండిలో ఓ కుర్చీ, గొడుగు, మధ్యాహ్నానికి ఇంత ఫలహారం, రెండు జెండాలు వేసుకుని మైదానంలోకి వెళ్లి కూర్చునేవాడు. ఎర్రజెండా ఊపితే ఆగమని, గళ్ల జెండా ఊపితే వెళ్లమని. ఆ దేశంలో విమానాల రాకపోకలను చూసిన మొదటివాడు ఆయనే అంటారు. సంతలో ఎడ్లబళ్లను సర్దినట్టే ఉండేది ఆ పని!

తర్వాత విమానాలు పెరిగాయి, వేగమూ పెరిగింది. 1956లో గ్రాండ్ కాన్యన్ మీద రెండు పెద్ద విమానాలు ఢీకొని 128 మంది పోయారు. 1969లో ఇండియానాపొలిస్ దగ్గర, విద్యార్థి ఒక్కడూ నడుపుతున్న బుల్లి విమానం, ప్రయాణికుల జెట్టు ఢీకొన్నాయి. 83 మందిలో ఒక్కరూ మిగల్లేదు. ఇంక లాభం లేదని 1970 నుంచి పెద్ద విమానాశ్రయాల చుట్టూ ఆకాశంలో గిరి గీశారు.

ఆ గిరి ఆకారం ఎలా ఉంటుందంటారా? బొమ్మల కొలువు మెట్లను తలకిందులు చేసి చుట్టూ తిప్పితే ఎలా ఉంటుందో అలా. కింద, రన్‌వే దగ్గర ఇరుకు. పైకి పోయేకొద్దీ వెడల్పు. దిగే విమానం దూరం నుంచి మెల్లమెల్లగా వాలుతూ వస్తుంది కదా, ఆ వాలును కాపాడటానికే ఈ మెట్లు. చిన్న విమానాలు మెట్ల కింద ఖాళీలోంచి ఎవర్నీ అడక్కుండా పోవచ్చు. మెట్టులోకి రావాలంటే మాత్రం రేడియోలో అనుమతి తీసుకోవాలి. కొన్ని చిన్న విమానాశ్రయాల దగ్గర కంట్రోలరు మన విమానాన్ని పేరుపెట్టి పలకరిస్తే చాలు, లోపలికి వెళ్లొచ్చు. ఈ పెద్ద గడప దగ్గర పలకరింపు చాలదు. "లోపలికి రండి" అన్న మాట స్పష్టంగా వినబడాలి. పని వత్తిడిలో ఉంటే "కాసేపు బయటే ఉండండి" అనే హక్కూ ఆయనకుంది.

గిరి గీసినంత మాత్రాన గండం గడిచిందా? 1986 ఆగస్టు 31, ఆదివారం. ఓ చిన్న పైపర్ విమానంలో ముగ్గురు లాస్ ఏంజెలెస్ పక్కనున్న టోరెన్స్ నుంచి కొండల్లోని బిగ్ బేర్‌కి బయలుదేరారు. దారిలో, పొరపాటున, అనుమతి లేకుండా గిరి దాటారు. అదే సమయానికి ఏరోమెక్సికో విమానం దిగడానికి వస్తోంది. కంట్రోలరు అప్పుడే, అనుమతి లేకుండా లోపలికొచ్చిన ఇంకో చిన్న విమానంతో మాట్లాడుతున్నాడు. పైపర్‌ను ఆయన గమనించలేదు. పైగా తానెంత ఎత్తులో ఉన్నదీ రాడారుకు తెలిపే పరికరం అందులో లేదు. సెరిటోస్ అనే ఊరి మీద, సుమారు 6,500 అడుగుల ఎత్తున రెండూ ఢీకొన్నాయి. విమానాల్లో 67 మంది, కింద ఇళ్లల్లో సెలవురోజు గడుపుతున్న 15 మంది చనిపోయారు.

"ఎదురుగా వస్తుంటే కనపడదా?" అని మనకు అనిపిస్తుంది. అక్కడే ఉంది కష్టం. ఢీకొనబోయే విమానం అద్దంలో అటూ ఇటూ కదలదు. ఒక్కచోటే చుక్కలా నిలిచి, ఆఖరి క్షణాల్లో ఒక్కసారిగా పెద్దదవుతుంది. కదలని చుక్క మీద కన్ను నిలవదు. 1989లో జ్యూరీ పెద్ద విమానం వాళ్ల తప్పేమీ లేదని, చిన్న విమానం పైలట్‌దీ ప్రభుత్వానిదీ చెరిసగం బాధ్యతని తేల్చింది.

ఆ చావులు ఊరికే పోలేదు. ఎదురొచ్చే విమానాన్ని పసిగట్టి "ఎక్కు", "దిగు" అని పైలట్‌కు చెప్పే యంత్రం పెద్ద విమానాల్లో ఉండి తీరాలని 1987లో చట్టం చేశారు. ఆ యంత్రానికి జవాబు చెప్పడానికి అవతలి విమానంలోనూ పరికరం ఉండాలిగా! అందుకని పెద్ద విమానాశ్రయాల చుట్టూ సుమారు 55 కిలోమీటర్ల లోపు తిరిగే చిన్న విమానాలు కూడా తమ ఎత్తు తెలిపే పరికరం పెట్టుకోవాలన్నారు. మన దేశానికి ఆ పాఠం 1996లో, చర్ఖీ దాద్రీ మీద రెండు విమానాలు ఢీకొని 349 మంది పోయాక అందింది.

అలాగని చిన్నవాళ్లను పూర్తిగా వెళ్లగొట్టలేదు. లాస్ ఏంజెలెస్ మహా విమానాశ్రయం నడినెత్తి మీదుగానే వాళ్లకో సందు వదిలారు. ఆగ్నేయానికి పోయేవాళ్లు 3,500 అడుగుల్లో, వాయవ్యానికి పోయేవాళ్లు 4,500 అడుగుల్లో వెళ్లాల్సి ఉండేది. దీపాలు వేసుకుని, వేగం అదుపులో ఉంచుకుని నియమాలు పాటిస్తే అనుమతి అడగాల్సిన పని ఉండేది కాదు. రన్‌వే నెత్తి మీద భద్రమేమిటి, విడ్డూరం కాకపోతే, అనుకోకండి. పెద్ద విమానాలు సరిగ్గా అక్కడికొచ్చేసరికి నేల మీదో, నేలకు దగ్గర్లోనో ఉంటాయి. పైన ఖాళీయే!

అమ్మాయి కాన్పుకనో, మనవడి పుట్టినరోజుకనో కాలిఫోర్నియా వెళ్లేవాళ్లు ఈ రోజుల్లో మనలో తక్కువేం కాదు. ఈసారి విమానం దిగేటప్పుడు దూరంగా తూనీగంత విమానం కనిపిస్తే భయపడకండి. దానికీ ఇల్లు చేరే దారి కావాలి. ఆ దారిని ఎనభై రెండు ప్రాణాలు పోయాకే ఇంత జాగ్రత్తగా గీశారు.