జీపులో లేని మందు

1994 ఎండాకాలం. అప్పుడు నేను గుంటూరు జిల్లాలో ఒక స్టేషన్‌లో హెడ్ కానిస్టేబుల్ని. జామాయిల్ తోటలో కట్టె కొడుతున్న కూలీని తేనెటీగలు కుట్టాయని కబురొస్తే జీపు తీశాం. కుట్టింది నాలుగైదు చోట్లే. కానీ ఒళ్లంతా దద్దుర్లు లేచాయి, పెదవులు ఉబ్బాయి. ‘గొంతు పట్టేస్తోంది సార్’ అన్నాడు. ఆసుపత్రి 18 కిలోమీటర్లు. సగం దారిలోనే పోయాడు.

ఆసుపత్రి వరండాలో సెక్షన్ 174 కింద శవపంచనామాకు కాగితాలు సిద్ధం చేశాం. దానికి కావలసినవన్నీ జీపులో ఉన్నాయి: తెల్లకాగితాలు, కార్బన్లు, లక్క, సీలు. ప్రాణం ఉండగా అతనికి కావలసిన అర మిల్లీలీటరు మందు మాత్రం లేదు. అలాంటి మందొకటి ఉందని కూడా అప్పుడు నాకు తెలియదు.

నిజానికి అప్పటికే ఆ మందు వయసు 93 ఏళ్లు. అమెరికాలో స్థిరపడిన జపాన్ రసాయన శాస్త్రవేత్త జోకిచి తకమినే, సహాయకుడు ఉయెనకాతో కలిసి పశువుల అడ్రినల్ గ్రంథుల నుంచి స్ఫటికాలు తీసి, 1901లో అడ్రినలిన్‌గా లోకానికి చూపించాడు. దాదాపు అదే సమయంలో ఫ్రాన్స్‌లో షార్ల్ రిషే, పాల్ పోర్టియే సముద్రజీవుల విషాన్ని కుక్కలకు ఎక్కిస్తూ ఒక వింత గమనించారు. మొదటిసారి తట్టుకున్న కుక్క, కొన్ని వారాల తర్వాత కొద్దిపాటి మోతాదుకే 25 నిమిషాల్లో చచ్చిపోయింది. ప్రాణం తీసే ఈ అలర్జీకి వాళ్లు పెట్టిన పేరే అనఫిలాక్సిస్. మా కూలీని చంపిందీ అదే. ఈ పనికి రిషేకు 1913లో నోబెల్ వచ్చింది.

జబ్బు తెలిసింది, మందూ ఉంది. కానీ సిరంజి డాక్టరు చేతిలోనే ఉండిపోయింది. దాన్ని మామూలు మనిషి చేతికి తెచ్చింది యుద్ధభయం. విషవాయువు సోకిన సైనికుడు తనకు తానే పొడుచుకునేలా, బట్టల మీది నుంచే దిగేలా, లోపల స్ప్రింగు పెట్టి షెల్డన్ కప్లాన్ అనే ఇంజనీరు ఒక సూది తయారుచేశాడు. అదే పద్ధతిలో అడ్రినలిన్ నింపిన ఎపీపెన్‌కు 1987లో అమెరికాలో అనుమతి దొరికింది.

అక్కడి పోలీసు కారులోకి వైద్యం ఒక్కొక్క మెట్టే ఎక్కింది. 1990లో మిన్నెసోటాలోని రోచెస్టర్ పోలీసులు గుండెకు షాకిచ్చే యంత్రాలు పెట్టుకున్నారు. 2010లో మసాచుసెట్స్‌లోని క్విన్సీ పోలీసులు మత్తుమందు మోతాదు మించినవాళ్లకు ముక్కులో కొట్టే నలోక్సోన్ తీసుకెళ్లడం మొదలుపెట్టారు. అలర్జీ వంతు ఆ తర్వాత వచ్చింది. 13 ఏళ్ల పిల్ల అలర్జీతో చనిపోయాక, 2016లో ఇల్లినాయ్ రాష్ట్రం చట్టం చేసింది. శిక్షణ పొందిన పోలీసు ఎపీపెన్ దగ్గర ఉంచుకోవచ్చు, పొడవచ్చు. డాక్టరు చీటీ పోలీసు శాఖ పేరునే రాయవచ్చు. అయితే తప్పనిసరి చేయలేదు, వీలు కల్పించింది. అదే ఏడాది రెండు పెన్నుల పెట్టె ధర 600 డాలర్లు దాటింది!

మా అమ్మాయి ఉండేది ఆ రాష్ట్రంలోనే. మనవడికి పల్లీలు పడవు. గుంటూరు వాళ్ల ఇల్లయినా ఇడ్లీలోకి పల్లీ చట్నీ ఉండదు, అల్లం పచ్చడే. మొన్న వెళ్లినప్పుడు వాడు సూది లేని ఉత్తుత్తి పెన్ను నా చేతిలో పెట్టి, ‘తాతా, నీలం మూత లాగు. నారింజ కొన తొడ పక్కన నొక్కు. మూడు లెక్కపెట్టు’ అన్నాడు. నొక్కాను, టక్కుమంది. ముప్పై ఏళ్లకు పైగా ఖాకీ తొడుక్కున్న నాకు ఆ మూడంకెలు నేర్పడానికి ఏడేళ్ల పిల్లాడు కావలసి వచ్చాడు.

తకమినే స్ఫటికాల నుంచి ఇల్లినాయ్ చట్టం దాకా 115 ఏళ్లు. ఆలస్యమైంది మందు కాదు, అనుమతి.

మన దగ్గర పెన్ను మామూలుగా దొరకదు. ఒక మిల్లీలీటరు ఆంప్యూల్ అయితే టిఫిన్ ఖర్చులో వస్తుంది. టీకా వికటిస్తే ఒక డోసు అడ్రినలిన్ ఇచ్చే వీలు మన ఏఎన్ఎంలకు ఉంది. పల్లె దారుల్లో తిరిగే పోలీసు బండికీ ఆ వీలు, దానికి తగ్గ శిక్షణ ఇవ్వాలని పైవాళ్లను అడుగుతున్నాను. సూది పడ్డాక కూడా మనిషిని పడుకోబెట్టి, ఆసుపత్రికి చేర్చి తీరాలి. అప్పుడు మా జీపు మోసుకెళ్లేది శవాన్ని కాదు, రోగిని.