అంకెల పట్టిక నుంచి ఆట మైదానానికి

సంభావ్యతను ఆటల ద్వారా బోధించేది పిల్లలకు ఉత్సాహం కలిగించడానికేనని చాలామంది అభిప్రాయం. ఈ పద్ధతి నడిచి వచ్చిన దారిని చూస్తే అసలు ప్రయోజనం మరొకటని తేలుతుంది. లెక్క ఏ ఊహల మీద నిలబడిందో ఆట బయటపెడుతుంది. 1927లో గణాంకవేత్త టిప్పెట్ జనాభా లెక్కల నివేదికల నుంచి 41,600 యాదృచ్ఛిక అంకెలు ఏరి పట్టికగా అచ్చువేశాడు. నమూనాల ఎంపికలో పక్షపాతం చొరబడకుండా చూడటం దాని పని. 1946లో గణితవేత్త ఉలామ్, సాలిటైర్ పేకాటలో గెలిచే అవకాశాన్ని సూత్రాలతో తేల్చడం కష్టమై, చాలాసార్లు ఆడి గెలుపులు లెక్కపెడితే సరిపోతుంది కదా అనుకున్నాడు. అణు పరిశోధనలో న్యూట్రాన్ల లెక్కలకు వాడిన మాంటే కార్లో పద్ధతికి మూలం ఆ ఆలోచనే. 1951లో అమెరికాలో వచ్చిన ఆప్‌బా బేస్‌బాల్ ఆట యాదృచ్ఛిక ఫలితాలతో ఆటను అనుకరించే ఇదే పనిని ఇళ్లలోకి తెచ్చింది. రెండు పాచికలు వేస్తే వచ్చే 36 ఫలితాల్లో ఒక్కోదానికి ఆటగాడి కార్డు మీద ఒక సంఖ్య ఉంటుంది; ఆ సంఖ్యకు ఫలితాల పట్టికలో ఏం రాసి ఉందో అదే జరుగుతుంది. 1980లలో అమెరికా గణాంక సంఘం, గణిత ఉపాధ్యాయుల మండలి కలిసి చేపట్టిన కార్యక్రమంతో ఇలాంటి అనుకరణ, అంటే సిమ్యులేషన్, బడి పాఠంగా స్థిరపడింది.

సూత్రంతో కచ్చితమైన జవాబు వస్తుంటే అంకెలతో కుస్తీ ఎందుకన్నది ఈ బోధనపై మొదటి అభ్యంతరం. దీనికి జవాబు ఒక ఉదాహరణలో ఉంది. బాస్కెట్‌బాల్‌లో కొన్ని పోటీల్లో మొదటి ఫ్రీ త్రో పడితేనే రెండోది దక్కే నిబంధన ఒకటుంది. నూటికి 60 వేసే ఆటగాడికి యాదృచ్ఛిక అంకెల పట్టికలో 0 నుంచి 5 వరకు అంకెలు వస్తే బంతి పడినట్టు, 6 నుంచి 9 వస్తే తప్పినట్టు. పట్టికలో 4, 7, 9, 2, 2 ఉంటే మొదటి అవకాశానికి ఒక పాయింటు, రెండోదానికి సున్నా, మూడోదానికి రెండు. ఒక పాయింటే ఎక్కువసార్లు వస్తుందని తోచడం సహజం. నిజానికి సున్నాకు 0.40, రెండుకు 0.36, ఒకటికి 0.24. తన అంచనా తప్పిందని అంకెలు చూపాక విద్యార్థికి సూత్రం అవసరం తెలుస్తుంది.

రెండో అభ్యంతరం బరువైనది: మనిషి యంత్రం కాదు, ఒక బంతి పడితే ఆ ఊపు తర్వాతిదానికీ ఉండవచ్చు. 1985లో పరిశోధకులు గిలోవిచ్, వలోన్, ట్వెర్‌స్కీ ఆ ఊపు భ్రమేనన్నారు. 2018లో మిల్లర్, సంజుర్జో వారి కొలతలోనే దోషం చూపారు. ఎలాగంటే, నాణెం మూడుసార్లు ఎగరేసి, బొమ్మ తర్వాత బొమ్మ పడిన నిష్పత్తిని, అది లెక్కించగల ఒక్కో వరుసకు తీసి సగటు కడితే సగం రాదు, 5/12 వస్తుంది. యాదృచ్ఛిక అంకెలతో తరగతిలోనే దీన్ని సరిచూడవచ్చు. కాబట్టి ఈ అభ్యంతరంతో పాఠం కూలిపోదు. అంకెలు పంచిన తీరు సరైనదేనా అని విద్యార్థి అడగడానికి అదే అవకాశమిస్తుంది.