అయిదు రోజుల మనుషులు

1913 మార్చి. డిట్రాయిట్‌ని ఆనుకుని హైలాండ్ పార్క్‌లో ఉన్న ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీ నుంచి ఆ ఒక్క నెలలో దాదాపు 7,300 మంది వెళ్ళిపోయారు. వాళ్ళలో కంపెనీ తీసేసినవాళ్ళు అయిదో వంతు కూడా లేరు. మానేస్తున్నామని చెప్పి వెళ్ళినవాళ్ళు ఇంకా తక్కువ. మిగతావాళ్ళు, అంటే నూటికి డెబ్భై మంది, ఎవరికీ ఏమీ చెప్పలేదు. రావడం మానేశారు, అంతే. వరసగా అయిదు రోజులు రాకపోతే మానేసినట్టే లెక్క. అందుకే రికార్డుల్లో వాళ్ళకి ఆ పేరు పడింది: అయిదు రోజుల మనుషులు.

నేను హైదరాబాద్‌లో ఒక కస్టమర్ సపోర్ట్ ఆఫీసులో పనిచేస్తాను. నాతోపాటు చేరినవాళ్ళలో సగానికి పైగా ఇప్పుడు లేరు. చెప్పకుండా మానేసినవాళ్ళ పేరు పక్కన మావాళ్ళు 'అబ్‌స్కాండింగ్' అని రాస్తారు. పరారీ! ఏదో గొలుసు తెంపుకుని పారిపోయినట్టు. ఫోర్డ్ గుమాస్తా పెట్టిన పేరే నయం. అందులో తిట్టు లేదు, లెక్క మాత్రమే ఉంది.

ఉండాలా, మానెయ్యాలా అని ఎవరినైనా అడిగితే "ఇంకోటి చూసుకుని మానెయ్" అంటారు. 1913లో డిట్రాయిట్‌లో ఇంకోటి చూసుకోవడం పెద్ద పనేం కాదు. ఊరంతా కార్ల ఫ్యాక్టరీలే. రోజుకి రెండున్నర డాలర్లలోపు కూలి ఎక్కడైనా దొరుకుతుంది. ఫోర్డ్ దగ్గర మాత్రం పని స్వభావమే మారిపోయింది. ఆ ఏడాదే అక్కడ కదిలే అసెంబ్లీ లైన్ వచ్చింది. పన్నెండు గంటలకు పైగా పట్టే ఛాసీ బిగింపు కొద్ది నెలల్లో గంటన్నరకు దిగింది. మెకానిక్ చేసే పనిని ముక్కలు చేసి, ఒక్కో ముక్క ఒక్కో మనిషికిచ్చారు. ఒకడు బోల్టు పెడితే ఇంకొకడు నట్టు బిగిస్తాడు. తొమ్మిది గంటలూ అదే.

సుమారు 14,000 మంది ఉండే చోట ఆ ఏడాది 52,000 మందిని కొత్తగా తీసుకోవాల్సి వచ్చింది. టర్నోవర్ 370 శాతం. అంటే ఒక కుర్చీలో ఏడాదికి దాదాపు నలుగురు. (కుర్చీ అని మా ఆఫీసు అలవాటుకొద్దీ అన్నాను. అక్కడ నిలబడే చెయ్యాలి.)

కంపెనీ ఊరికే కూర్చోలేదు. అక్టోబరులో జీతాలు కొంత పెంచింది, ఫోర్‌మన్లు ఇష్టమొచ్చినట్టు ఉద్యోగం పీకే అధికారాన్ని తీసేసింది. ఏడాది చివర మూడేళ్ళు దాటినవాళ్ళకి బోనస్ ప్రకటిస్తే, 15,000 మందిలో అర్హులు 640 మందే తేలారు! ఆ తర్వాత, 1914 జనవరి 5న, రోజుకి అయిదు డాలర్లు, ఎనిమిది గంటల పని అన్నారు. గేటు ముందు వేలమంది పోగయ్యారు. వారం తిరక్కుండా, ఆ గడ్డకట్టే చలిలో జనం మీదకి నీళ్ళ పైపులు తిప్పారు. 1915కల్లా టర్నోవర్ 16 శాతం.

దీన్ని ఫోర్డ్ ఉదారత అనేవాళ్ళున్నారు, తెలివి అనేవాళ్ళూ ఉన్నారు. నాకు మాత్రం ఆ అయిదు డాలర్ల వెనక అయిదు రోజుల మనుషులే కనిపిస్తారు. పిటిషన్ పెట్టలేదు, మీటింగుకి వెళ్ళలేదు, పొద్దున్నే లేచి ఇంకోవైపు నడిచారు. ఎవరికి వాళ్ళు విడివిడిగా తీసుకున్న నిర్ణయం అది. అన్నీ కలిస్తే కంపెనీ జీతం రెట్టింపు చెయ్యాల్సొచ్చింది. కాకపోతే మార్చిలో వెళ్ళిపోయినవాడికి అందులో ఒక్క సెంటు రాలేదు. వాడి నిర్ణయం ఫలితం, వాడి తర్వాత అదే చోట నిలబడినవాడికి దక్కింది.

అదైనా ఊరికే కాదు. అయిదులో దాదాపు సగం 'లాభాల్లో వాటా' పేరుతో వచ్చేది. అది దక్కాలంటే కంపెనీ ఇన్‌స్పెక్టర్లు ఇంటికొచ్చి చూస్తారు: తాగుతాడా, ఎంత దాస్తున్నాడు, ఇల్లు శుభ్రంగా ఉందా, ఇంట్లో ఎవరుంటున్నారు. ఆడవాళ్ళకి మొదట్లో ఆ వాటా లేనే లేదు.

ఇంకోటి కూడా మారింది. మానెయ్యడం ఖరీదైపోయింది. అదే జనవరిలో ఒక కార్మికుడి భార్య ఫోర్డ్‌కి ఉత్తరం రాసింది. ఆయన ఇంటికొచ్చి అన్నం కూడా తినలేక పడిపోతున్నాడనీ, ఆ గొలుసు లైన్ మనుషుల్ని బానిసల్లా తోలుతోందనీ, అయిదు డాలర్లు గొప్ప వరమే కానీ దానికి తగ్గట్టు వాళ్ళ ఒళ్ళు హూనమవుతోందనీ. కింద పేరు రాయలేదు. ఏడాది ముందైతే ఆమె భర్త చెప్పాపెట్టకుండా అయిదు రోజుల మనిషి అయిపోయేవాడేమో. ఇప్పుడు వెళ్ళలేక ఉత్తరం.

మా దగ్గర మానేసేవాళ్ళకి ఒక ఫారం ఇస్తారు. కారణాల జాబితాలోంచి ఒకటి ఎంచుకోవాలి: మెరుగైన అవకాశం, పై చదువు, పెళ్ళి, వ్యక్తిగతం. ఆమె రాసిన కారణం ఆ జాబితాలో లేదు. కింద 'ఇతరములు' అని ఒక గడి ఉంది, వంద అక్షరాలు పడతాయి. నోటీసు పీరియడ్ అరవై రోజులు. ఆ వంద అక్షరాల్లో ఏం పట్టిద్దామా అని ఈ వారం నుంచీ రాసి కొట్టేస్తున్నాను.