తకిలీ పాఠం ఎవరి పిల్లలకు?

పిల్లలు బడిలో ఏమి నేర్చుకోవాలన్నది విద్యావేత్తలు మాత్రమే తేల్చే విషయమని మనం భావిస్తాము. చరిత్ర అలా చెప్పదు. 1937లో పలు రాష్ట్రాలలో కాంగ్రెసు మంత్రివర్గాలు ఏర్పడినప్పుడు వాటి ముందు ఒక చిక్కుముడి నిలిచింది. మద్యనిషేధం కాంగ్రెసు వాగ్దానం. బడులు నడిచేదేమో చాలావరకు అబ్కారీ ఆదాయంతో. కల్లు దుకాణం మూస్తే బడికి డబ్బు ఎక్కడిది? పిల్లల చేతిపనే బడి ఖర్చును కొంతవరకైనా భరించాలన్న గాంధీజీ ఆలోచనకు ఈ చిక్కు కూడా ఒక కారణం.

ఆ అక్టోబరులో వార్ధాలో విద్యా సమావేశం జరిగింది. ఏడేళ్ల ఉచిత నిర్బంధ విద్య, మాతృభాషలో బోధన, ఏదైనా ఒక చేతివృత్తి కేంద్రంగా చదువు అన్న తీర్మానాలు వెలువడ్డాయి. వివరమైన ప్రణాళిక రచనకు జాకిర్ హుస్సేన్ అధ్యక్షతన ఒక సంఘం ఏర్పడింది. ఆ సంఘం రూపొందించిన దినచర్యలో చేతిపనికే మూడు గంటల ఇరవై నిమిషాలు. మాతృభాషకు నలభై నిమిషాలు.

ఇది చదువును తగ్గించడం కాదా అని ఆనాడే పలువురు అడిగారు. ప్రణాళిక ఉద్దేశం వేరు. తకిలీ పట్టిన పిల్లవాడు తాను వడికిన నూలును కొలిచి లెక్కలు నేర్వాలి. పత్తి పండే నేలను గురించి తెలుసుకుంటూ భూగోళం, చేనేత క్షీణించిన తీరు వింటూ చరిత్ర నేర్వాలి. అయితే ఆర్థిక ప్రయోజనంపై దృష్టి మితిమీరితే విద్యా ప్రయోజనం దెబ్బతింటుందని ఆ నివేదికే హెచ్చరించింది. ఆ హెచ్చరికను పట్టించుకున్నవారు తక్కువ. 1944 నాటి సార్జెంట్ నివేదిక బేసిక్ విద్యను ఆమోదిస్తూనే, అది తన ఖర్చు తాను భరించగలదన్న వాదనను తోసిపుచ్చింది. కాలక్రమంలో చాలా బడులలో నూలు వడకడం పాఠాలతో పొంతన లేని మరొక పీరియడుగా మిగిలింది.

అసలు పరీక్ష 1953లో ఎదురైంది. మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీ గ్రామీణ ప్రాథమిక పాఠశాలల పనివేళలను మూడు గంటలకు కుదించి, మిగతా సమయంలో పిల్లలు తల్లిదండ్రుల వృత్తి నేర్వాలన్నారు. అప్పటికింకా ఆంధ్ర జిల్లాలు మద్రాసులోనే ఉన్నాయి. ఇది కులవృత్తి చదువని పెరియార్, ద్రవిడ ఉద్యమకారులు తీవ్రంగా ప్రతిఘటించారు. 1954లో కామరాజ్ ముఖ్యమంత్రి అయి ఆ పథకాన్ని రద్దు చేశారు.

రెండు పథకాలలోనూ చేతిపనికి పెద్దపీటే. భేదమల్లా, వార్ధా ప్రణాళిక పనిని తరగతి గదిలోకి తెచ్చి అందరి పిల్లలకూ ఒకే పాఠంగా ఉంచదలచింది. మద్రాసు పథకం పల్లె బిడ్డను మాత్రమే బడినుంచి ఇంటి పనికి పంపింది. కుమ్మరి బిడ్డ కుండ దగ్గరకే, చాకలి బిడ్డ రేవుకే తిరిగి వెళ్లాలంటే ఇక బడి దేనికి?

2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు పది రోజులు సంచి లేని బడి ఉండాలని, వడ్రంగి, కుమ్మరి వంటి స్థానిక నిపుణుల వద్ద పని నేర్వాలని అంటున్నది. ఆహ్వానించదగినదే. కానీ నగరంలోని ఖరీదైన ప్రైవేటు బడి విద్యార్థి కూడా ఆ కుమ్మరి సారె ముందు నిజంగా కూర్చుంటాడా? ఆ జవాబును బట్టే అది వార్ధా బాటో, మద్రాసు బాటో తేలుతుంది.